గొలుసులో లేని నాణెం

బాపట్లలో రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా ఉన్న గదుల వరసలో నాదొకటి. నాన్న తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చుని దస్తావేజులు రాస్తున్నాను. ఈ పనిలో ఆడవాళ్లు తక్కువ. మొదట్లో జనం లోపలికి తొంగిచూసి, "రాసేవాళ్లు లేరా అమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు అడగరు. ఎదుటి మనిషి చెప్పినదాన్ని చెప్పినట్టు నమ్మకపోవడం ఈ పనిలో మొదట అలవడుతుంది. ఇంటికొచ్చాక కూడా అది పోదు.

మా అక్క అలా కాదు. నాకంటే పదకొండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను తనే చదివించింది. రేపల్లెలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. చర్చి మహిళా సమాజానికి చాలా కాలంగా సెక్రటరీ. పిల్లలకు ఫీజు కట్టలేని తల్లి దగ్గర్నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారి భార్య దాకా అందరూ ఏదో ఒకటి అడగడానికి ఆమె దగ్గరకే వచ్చేవారు. రిటైరయ్యాక ఆ రాకపోకలు తగ్గాయి. ఫోన్లో ఆ విషయం చెప్పేది కాదు కానీ, మాట్లాడే సేపు పెరిగింది.

ఒకరోజు ఫోన్ చేసి, "ఆదివారం గుడి అయ్యాక తెనాలి రావే. ఒక మీటింగు ఉంది, నువ్వు తప్పకుండా చూడాలి," అంది.

"ఏం మీటింగు అక్కా?"

"క్రిప్టో అని, కంప్యూటర్లో ఉండే డబ్బంట. ఇప్పుడు లోకమంతా అదేనంట. నువ్వు రా, చెప్తారు."

చర్చిని మేం గుడి అనే అంటాం. ఆరాధన ముగిశాక పాసింజరెక్కి తెనాలి వెళ్లాను. అక్క రేపల్లె బండిలో తనతో పాటు సమాజం ఆడవాళ్లు ఐదారుగురిని వెంటబెట్టుకుని దిగింది. ఫంక్షన్ హాల్లో ఉప్మా, కాఫీ. స్టేజీ మీద పెద్ద తెర. ఎండాకాలంలో కోటు వేసుకున్న ఒకాయన మైకు పట్టుకుని గంటన్నర మాట్లాడాడు. ఆ గంటన్నరలో బ్లాక్‌చెయిన్ అనే మాట ఎన్నిసార్లు అన్నాడో! "మన కాయిన్ బ్లాక్‌చెయిన్ మీద ఉందండి. కాబట్టి ఇందులో మోసం అనేది జరగదు. జరగడానికి వీల్లేదు," అన్నాడు. ఆ తర్వాత మా అక్కను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాడు. "రేపల్లెలో ఇంతమందిని చేర్పించి దారి చూపించిన టీచరమ్మ," అని పరిచయం చేశాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. అక్క ముఖంలో ఆ వెలుగు చూసి చాలా ఏళ్లయింది.

ప్రశ్నలు అడగమన్నప్పుడు నేను లేచాను.

"ఈ లెక్కంతా రాసేది ఎవరండి? ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటది?"

ఆయన నవ్వాడు. "మంచి ప్రశ్న మేడమ్. ఎవరూ రాయరు, అందరూ రాస్తారు. అదే బ్లాక్‌చెయిన్!"

మళ్లీ చప్పట్లు. జవాబు రాలేదని నాకు తెలుసు. కానీ ఆ జవాబు తప్పని చెప్పే తెలివి నాకు లేదు. బయటికి వస్తుంటే ఒకామె ఫోన్లో డబ్బు కడుతోంది. వంగి చూశాను. వెళ్లేది కంపెనీ పేరున కాదు, ఎవరో మనిషి పేరున.

స్టేషన్లో అక్క నా ఫోన్ తీసుకుని అందులో ఒక యాప్ ఎక్కించింది. "నీ పేరున కూడా కొంత పెట్టానే. రోజూ పెరుగుతది, చూసుకో," అంది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ శాలువా ఇంకా ఆమె భుజం మీదే ఉంది. పైగా, నాకు అర్థం కానంత మాత్రాన అది మోసమని ఎలా అంటాను? ముందు తెలుసుకుందాం, తర్వాత మాట్లాడదాం అనుకుని బండెక్కాను. ఆ తెలుసుకోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ నోరు మూసుకునే ఉన్నాను.

చెప్పేవాళ్లు అనుకోకుండా దొరికారు. ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఒక మేడమ్ స్థలం కొనుక్కుంటూ నా దగ్గరకు వచ్చింది. నలభై దాటని మనిషి. అమ్మేవాళ్లకు ఆ స్థలం ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎవరి నుంచి వచ్చింది అని చూపించే పాత కాగితాలు, అంటే లింకు డాక్యుమెంట్లు, తిరగేస్తున్నాను. ప్రతి దస్తావేజులోనూ దాని ముందు దస్తావేజు నంబరు ఉంటుందని చెబితే ఆమె నవ్వి, "బ్లాక్‌చెయిన్‌లో కూడా ఇంతేనండి," అంది.

ఈమె కూడానా అనుకున్నాను.

"మీరు కూడా మనుషుల్ని చేర్పిస్తారా అండి?" అన్నాను.

"చేర్పించడం ఏంటండి? నేను పాఠం చెప్తాను," అంది, ఏమీ అర్థం కాకుండా.

మీటింగు సంగతి చెప్పాను, అక్క ఊసు ఎత్తకుండా. ఆమె విని, కాలేజీ అయ్యాక సాయంత్రాలు వచ్చి నేర్పిస్తానంది. ఊరికే నేర్పిస్తాననే మనిషి మీద నా అనుమానం రెట్టింపైంది. అయినా రమ్మన్నాను.

మొదటి రోజు ల్యాప్‌టాప్‌లో ఒక పేజీ తెరిచి, ఏదైనా రాయమంది. అలవాటు కొద్దీ "తూర్పు: పంటకాలువ" అని హద్దు రాశాను. కింద అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి వరస ఒకటి వచ్చింది. అది ఆ రాతకు వేలిముద్ర లాంటిదంది. "తూర్పు" తీసి "పడమర" అని మార్చమంది. మార్చగానే వరస మొత్తం మారిపోయింది. ఒక్క చుక్క చెరిపినా అంతే.

"కొన్ని లావాదేవీలు కలిపి ఒక కట్ట కడతారండి. దాన్ని బ్లాక్ అంటారు. ప్రతి కట్టలోనూ దాని ముందు కట్ట వేలిముద్ర ఉంటుంది. అలా అన్నీ గొలుసులా ముడిపడి ఉంటాయి. పాతదాన్ని ఎవరైనా మారిస్తే ఆ తర్వాతవన్నీ పొంతన తప్పుతాయి."

"మార్చినవాడు ఆ తర్వాతవి కూడా మార్చుకుంటాడు కదండి?"

"వేలమంది దగ్గర ఇదే పుస్తకం నకలు ఉంటదండి. ఒక్కడి పుస్తకం తేడాగా ఉంటే మిగతావాళ్లు ఒప్పుకోరు."

"ఆ వేలమంది ఊరికే ఎందుకు రాస్తారు?"

"ఊరికే కాదు. కట్ట కట్టినవాళ్లకు ఆ నాణేలే కూలిగా వస్తాయి."

అదీ జవాబంటే. తెనాలిలో కోటు మనిషి నోటి నుంచి రానిది ఇదే.

రెండో వారం, నాణేలు దాచుకునే వాలెట్ తయారు చేద్దామంది. అసలు డబ్బు కాదు, నేర్చుకునేవాళ్ల కోసం విలువలేని ఉత్తుత్తి నాణేలు ఉంటాయట. వాలెట్ తెరవగానే పన్నెండు ఇంగ్లీషు మాటలు కనబడ్డాయి. కాగితం మీద వరస తప్పకుండా రాసుకోమంది. ఇదీ అసలు గుట్టు, ఇప్పుడు నా దగ్గర ఏదో రాబట్టబోతోంది అనుకున్నాను. ఆమె కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుంది.

"అటు తిరిగారేంటండి?"

"ఆ మాటలు నేను చూడకూడదండి. చూస్తే ఆ వాలెట్ మీది ఎంతో నాదీ అంతే. ఎవరడిగినా చెప్పొద్దు, నేనడిగినా సరే."

ఆమె వాలెట్‌కు కొన్ని ఉత్తుత్తి నాణేలు పంపించాను. కాసేపటికి అందరూ చూడగలిగే పేజీలో నేను పంపినది కనిపించింది. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంత, ఏ కట్టలో అనేవి అన్నీ ఉన్నాయి. మనుషుల పేర్లు మాత్రం లేవు. మరుసటి రోజు నేనే పంపబోయి, మేడమ్ నోటుబుక్కులో ఆమెదే అనుకుని పాత వాలెట్ చిరునామా ఒకటి కొట్టేశాను. అది ఎవరిదో ఆమెకే గుర్తులేదు.

"ఇప్పుడు సవరణ దస్తావేజు ఎలా రాస్తారండి?" అని అడిగాను. మా పనిలో తప్పు పడితే ఇద్దరినీ పిలిచి సవరణ రాయించొచ్చు.

"రాయరండి. పోయింది పోయినట్టే."

"ఎవరి దగ్గరకు వెళ్లి చెప్పుకోవాలి?"

"ఎవరూ ఉండరు."

నాకు అది నచ్చలేదు. ఆ మాటే చెప్పాను. ఇంకోటి కూడా చెప్పాను. ఒకసారి నా దగ్గర ఒక అమ్మకంలో కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి, కానీ సంతకం పెట్టడానికి వచ్చినవాడు అసలు యజమాని కాదు, చనిపోయిన ఆ యజమానికి తమ్ముడు. ముఖాలు కలుస్తాయి కాబట్టి దాదాపు పని జరిగిపోయేది. "మీ గొలుసు రాసినదాన్ని చెరపనివ్వదు, సరే. రాసింది అబద్ధమైతే?"

"అబద్ధం కూడా చెరగకుండా ఉంటదండి," అంది మేడమ్. నిజాయితీగా అంది. నేను ఆ నిజాయితీని కూడా నమ్మలేదు. ఎన్నాళ్లుగానో నోట్లో నానుతున్న మాట అప్పుడే అనేశాను.

"ఇదంతా నాకు నేర్పిస్తే మీకేంటండి లాభం? కమిషనేమైనా ఉంటదా?"

ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "నా క్లాసులో అరవై మంది ఉంటారండి. ఒక్కరూ ప్రశ్న అడగరు. మీరు అడుగుతున్నారని వచ్చాను," అని లేచి వెళ్లిపోయింది. వారం రోజులు రాలేదు. నేనే కాలేజీ గేటు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. క్షమించమని అడిగి, మొదటిసారి అక్క సంగతి చెప్పాను. యాప్ తెరిచి చూపించాను.

మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పెద్ద అంకె, దాని పక్కన పైకి పోయే ఆకుపచ్చ గీత. ఇంకేమీ లేదు. వాలెట్ చిరునామా లేదు. లావాదేవీ నంబరు లేదు. పన్నెండు మాటలు ఎప్పుడూ అడగలేదు. తన ఫోన్లో ఆ కాయిన్ పేరు వెతికింది, ఎక్కడా లేదు.

"ఇది ఎవరో తెర మీద రాస్తున్న అంకె అండి. వాళ్లకు తోచినప్పుడు పెంచుతారు."

"మరి బ్లాక్‌చెయిన్?"

"ఆ మాట ఒక్కటే ఉంది."

మర్నాడే చెరుకుపల్లి మీదుగా వెళ్లే బస్సెక్కి రేపల్లె వెళ్లాను. అక్క కందిపప్పు ఏరుతోంది. కూర్చోకుండానే అంతా చెప్పాను. విన్నంతసేపూ చేటలోంచి తల ఎత్తలేదు.

"చిన్నప్పట్నించీ నీకు అందరి మీదా అనుమానమేనే," అంది చివరికి.

"అనుమానం కాదక్కా. కొంత వెనక్కి తీసుకో. వస్తే నాదే తప్పు."

పౌరుషంగా ఫోన్ తీసి నొక్కింది. "రేపటికల్లా వస్తది, చూస్తూ ఉండు," అంది. రాలేదు. నేను అక్కడే ఉండిపోయాను. మూడో రోజు మెసేజ్ వచ్చింది, ముందు పన్ను కడితేనే డబ్బు విడుదల చేస్తామని. అక్క కట్టడానికి సిద్ధమైంది. ఫోన్ లాక్కున్నంత పని చేసి ఆపాను. ఆ తర్వాత వారానికి యాప్ తెరుచుకోవడం మానేసింది. కోటు మనిషి నంబరు పనిచేయలేదు.

అప్పుడు అక్క నన్ను ఒకటే అడిగింది. "తెనాలిలోనే నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేంటే? ఆ మీటింగు తర్వాత కూడా నేను నలుగురిని చేర్పించాను."

ఇన్నేళ్లూ నా అనుమానమే నా తెలివి అనుకున్నాను. మనసులో పెట్టుకున్న అనుమానం ఆ నలుగురికి ఎందుకూ పనికి రాలేదు.

చేర్పించిన వాళ్లందరి ఇళ్లకూ అక్క తనే వెళ్లింది. నేను వెంట వెళ్లాను. ప్రతి గుమ్మంలోనూ కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే చెప్పింది. ఒకావిడ తలుపు వేసేసింది. ఒకావిడ అక్కకూ అందులో వాటా ఉందేమోనని నా ముందే అడిగింది. పొలం పనులకు వెళ్లే ఒకామె మాత్రం చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఆ చెయిన్ ఏంటో నాకేం తెలుసండి టీచరమ్మా. మీరు చెప్పారని ఇచ్చాను," అంది. అరిచి ఉంటే బాగుండేది.

పోలీసులకు ఇచ్చే ఫిర్యాదు నేనే రాశాను. మొదటి సంతకం అక్కది. తనే మనుషుల్ని చేర్పించినట్టు కూడా రాయమంది. వద్దన్నాను, వినలేదు. స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునే రైటరు చదివి, "బ్లాక్‌చెయిన్ అంటే ఏంటమ్మా?" అన్నాడు. చెప్పాను. తీరా చెప్పాక, "ఇందులో అది లేదండి," అని కూడా చెప్పాల్సి వచ్చింది. ఆయన పెన్ను పక్కన పెట్టి, ఏం రాసుకోవాలో తెలియనట్టు నా వంక చూశాడు.

ఇప్పటికీ ఎవరూ దొరకలేదు. అక్క సెక్రటరీ పదవి మానేసింది, ఉండమని ఎవరూ అనలేదు. కొన్నాళ్లకు ఫోన్ చేసి, "ఆ మేడమ్ నీకు చెప్పిందంతా నాకు చెప్పవే. నేను స్టేజీ మీద నిలబడి దేనికి శాలువా కప్పించుకున్నానో నాకైనా తెలియాలి కదా," అంది. నెలలో రెండు ఆదివారాలు వెళ్లి చెప్పాను. నాకంటే త్వరగా పట్టుకుంది, టీచరు కదా. అసలు నాణేలు మాత్రం ఇద్దరమూ కొనలేదు. ఆ గొలుసు గట్టిదే కావచ్చు. దాని గుమ్మం దగ్గర నిలబడి పిలిచేవాళ్లెవరో మాకు తెలియదు.

మొన్న ఎవరో అక్కకు ఫోన్ చేశారట. పోయిన కాయిన్లు వెనక్కి ఇప్పిస్తామని, కొద్దిగా ఫీజు కట్టాలని.

"ఏ చెయిన్ మీద ఉన్నాయి బాబూ? లావాదేవీ నంబరు చెప్పు, నేనే చూసుకుంటాను, అన్నానే. పెట్టేశాడు," అని చెప్పింది. నవ్వుతూ చెప్పలేదు. ఆ గొంతు అచ్చం నా గొంతులా ఉంది. నాకది పూర్తిగా సంతోషం అనిపించలేదు.

"సరే, ఉంటానే," అంది. "ఇలాంటి ఫోను నేను చేర్పించిన వాళ్లకీ వస్తది. చీకటి పడకముందే అందరికీ చెప్పి రావాలి."

తలుపు వేసేసిన ఆవిడ ఇంటికి కూడా వెళ్లిందట.