మండపం మెట్ల మీద మామ

నిన్న టీవీలో ఒక సినిమా. పెళ్లిలో మేనమామ అలిగాడు, హీరో చాంతాడంత డైలాగు చెప్పాడు, అందరూ ఏడ్చి కలిసిపోయారు. మన వైపు పెళ్లిళ్లు చూసినవాళ్లెవరూ దీన్ని నమ్మరు.

కోవిల్‌పట్టిలో మా అక్క పెళ్లి. మల్లెపూల వాసన, సాంబారు బకెట్లు, చెవులు దిబ్బళ్లు పడే మైకుసెట్టు, మీకూ గుర్తుండే ఉంటాయి. నాన్న స్వయంగా వచ్చి పిలవలేదని, పత్రిక మాత్రం పంపాడని మామ మండపం మెట్ల మీదే కూర్చున్నాడు. ఒళ్లో పసుపు గుడ్డసంచి, చూపు ఊరికి తిరిగిపోయే సాత్తూరు బస్సు వచ్చే వైపు. మేనమామగా ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేనే అక్క పీటల మీద కూర్చోవాలి. నాన్నేమో లోపలి నుంచి కదలడు.

చివరికి అక్కే పట్టుచీరతో బయటికొచ్చి, మెట్టు మీద ఆకు వేసి ఇడ్లీ వడ్డించింది.

"నువ్వు తినకుంటే నేను లోపలికి పోను మామా," అని పక్కనే కూర్చుంది.

మామ తలెత్తకుండా ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"సాంబారులో ఉప్పు కమ్మి."

అక్క లేవబోయింది.

"నువ్వు కూర్చోమ్మా. మీ నాయన్ని తెమ్మను."

గుమ్మం వెనక నిలబడి ఇదంతా వింటున్న నాన్న, ఉప్పుగిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.