హారతి పట్టేదాకా

విశాఖలో మా కాలనీ రామకోవెలలో భజన ఒకసారి మొదలైతే హారతి పట్టేదాకా నామం తెగకూడదు. గొంతు మారవచ్చు, మనిషి మారవచ్చు, ఒకరు మంచినీళ్లకు లేస్తే పక్కవాళ్లు అందుకోవచ్చు. నామం మాత్రం ఆగకూడదు. ప్రతి శనివారం పద్మనాభం అనే ఊరి నుంచి బస్సులో వచ్చి పిల్లలకు భజన నేర్పే మా గురువుగారు పెట్టిన కట్టుబాటు ఇది. చిన్నప్పటి నుంచి పురాణాలు వింటూ, ఆ కోవెలలో హార్మోనియం వాయిస్తూ పెరిగిన నాకు అందులో వింతేమీ కనిపించేది కాదు. ఎవరి తలుపైనా తట్టి, ఆయన బయటికి వచ్చేలోగా వెళ్లిపోతామా?

మారిషస్‌లోని ఒక తెలుగు సంఘం మా యువ బృందాన్ని పాడడానికి పిలిచింది. కొన్ని తరాల కిందట మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్ల పిల్లల పిల్లలు వాళ్లు. రెండు గుళ్లలో పాడాలి, చివరి కచేరీ పట్నంలోని పెద్ద హాలులో. హార్మోనియానికి, పిల్లలకు తోడుగా నేను వెళ్లాలి; గురువుగారు రావడం లేదు. అప్పటిదాకా ముందుండి పాడే కుర్రాడికి పోర్టులో కొత్తగా ఉద్యోగం వచ్చింది, సెలవు దొరకలేదు. మిగిలినవాళ్లలో నలుగురినీ నడిపించగల గొంతు ఒక అమ్మాయిది. డిగ్రీ చదువుతోంది. తండ్రి ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకు వెళ్తాడు. మా కోవెలలో ఆడపిల్ల ముందుండి పాడడం అంతకుముందు లేదు.

గురువుగారు చాలాసేపు ఆలోచించి భజన తాళాలు ఆమె చేతిలో పెట్టారు.

"ఆడపిల్ల ముందు పాడకూడదని నానెక్కడా సదవలేదమ్మా. పాడు. కానీ నామం తెగిందా, మళ్లీ ఈ తాళాలు నీ సేతికి రావు."

"తెగదు గురువుగారూ" అంది.

రెండు గుళ్లలోనూ తెగలేదు. అక్కడి ముసలమ్మలకు తెలుగులో మాట్లాడడం అంతగా రాదు గానీ, వంత మాత్రం మా పిల్లల కంటే గట్టిగా పాడారు. మాతోపాటు దీపం చుట్టూ తిరిగారు. హారతి కళ్లకద్దుకున్నాక చూస్తే నాకు వాళ్లు కొత్తవాళ్లనిపించలేదు.

చిక్కు మూడోచోట వచ్చింది. పొద్దున్న సాధనకు వెళ్తే, హాలు లోపల మంట పనికిరాదని మేనేజరు చెప్పాడు. దీపం, కర్పూరం, అగరువత్తి ఏదీ వద్దు, పొగ తగిలితే అలారం మోగుతుందన్నాడు. మా మొహాలు చూసి, పాపం, బ్యాటరీతో వెలిగే దీపం ఒకటి తెచ్చి పెట్టాడు.

డోలక్ వాయించే కుర్రాడు దాన్ని నొక్కి ఆర్పి, మళ్లీ నొక్కి వెలిగించాడు. "సూడండ్రా, రావుడికి స్విచ్చెట్టారు."

"నోరు ముయ్‌రా. హారతి లేకపోతే ఎలగాపుతాం?" అంది అమ్మాయి.

"పాటైపోతే ఆపీడమే. దానికేటి ఇంతాలోచన!"

"తాళాలు పోయేది నీవి కావు కదా, నవ్వుతావు."

ఆమె నా వైపు తిరిగింది. మానసిక పూజ అని ఒకటి ఉందని, మనసులో పట్టిన హారతి కూడా హారతేనని చెప్పాను. నమ్మే చెప్పాను.

"దేవుడొప్పుకుంటాడు పిన్నీ. గురువుగారొప్పుకోవద్దా?"

ఫోన్ చేసి అడుగుదామన్నాను. తల అడ్డంగా ఊపింది. "వొద్దు. పాడకముందే బయపడిపోయిందనుకుంటారు."

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. బాగానే పాడాం. మాకిచ్చిన సమయం అయిపోగానే వ్యాఖ్యాత మైకు పట్టుకుని నవ్వుతూ వేదిక మీదికి వచ్చింది. జనం చప్పట్లకు సిద్ధమయ్యారు. అమ్మాయి ఆపలేదు. నామం ఇంకోసారి ఎత్తుకుంది, మళ్లీ ఎత్తుకుంది. వ్యాఖ్యాత మా పక్కనే నిలబడి ఉంది, నవ్వు మాత్రం తగ్గుతోంది. తెర పక్కన తరవాతి బృందంవాళ్లు గజ్జెలు కట్టుకుని కాచుకుని ఉన్నారు.

అప్పుడామె లేచింది. పాడుతూనే, తాళం వేస్తూనే, వేదిక మెట్లు దిగింది. డోలక్ కుర్రాడు నా మొహం చూసి, డోలక్ మెడకు తగిలించుకుని ఆమె వెనకే దిగాడు. తక్కినవాళ్లూ దిగారు. హార్మోనియం ఎత్తుకుని నడవలేక అక్కడే వదిలేసి నేనూ వెళ్లాను. కుర్చీల మధ్య నుంచి, తలుపు దాటి, ఎండలోకి. వెనక్కి చూస్తే ముసలమ్మలు కొందరు చేతిసంచులు సర్దుకుంటూ, వంత పాడుతూ వచ్చేస్తున్నారు.

గుళ్లో ఇచ్చిన కర్పూరం, మా హారతి పళ్లెం మేం వచ్చిన బస్సులో ఉన్నాయి, తెచ్చాను. అగ్గిపెట్టె లేదు. విమానంలో తేనివ్వరు కనక గుళ్లలో వాళ్లదే వాడాం. బస్సు పక్కన డ్రైవరు సిగరెట్టు కాలుస్తున్నాడు. సైగ చేస్తే లైటరు ఇచ్చాడు. సిగరెట్టు వెలిగించిన లైటరని కాస్త వెనకాడాను. కానీ అగ్నికి పావకుడని పేరు. తాకినదాన్నల్లా శుద్ధి చేసేవాడికి మైల ఎక్కడిది? వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. డ్రైవరు సిగరెట్టు పారేసి, తన టోపీ తీసి అడ్డం పెట్టాడు. కర్పూరం అంటుకుంది. అమ్మాయి మంగళం పాడి, హారతి పూర్తయ్యాక తాళాలు ఆపింది.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. అందరూ పళ్లెం మీదికి చేతులు చాచారు, డ్రైవరు కూడా. సంఘం కార్యదర్శి నా హార్మోనియం మోసుకుంటూ కోపంగా వచ్చాడు. దాన్ని కింద పెట్టి, ముందు హారతి కళ్లకద్దుకున్నాడు. ఆ తరవాతే కోప్పడ్డాడు.

ఆ కచేరీ వీడియో మాకంటే ముందే విశాఖ చేరింది. అందులో మేం పాడుతూ వెళ్లిపోవడం వరకే ఉంది, తరవాత ఖాళీ వేదిక. గురువుగారూ చూశారు. శనివారం అమ్మాయి తాళాలు గురువుగారి ముందు పెట్టి నిలబడింది.

"బయటికెల్లేక తెగిందా?"

"లేదండి. హారతిచ్చేకే ఆపేం."

"నిప్పెక్కడిది?"

డోలక్ కుర్రాడు నేల చూస్తూ గొణిగాడు. "డ్రైవరు సిగరెట్టు లైటరండి."

పావకుడి సంగతి చెబుదామని నేను నోరు తెరిచాను. గురువుగారే ముందన్నారు.

"నిప్పుకి ఎంగిలేటి?"

తాళాలు తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టారు. ఆమె వాటిని కళ్లకద్దుకుంది. కుర్రాళ్లు కేక వేయబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఉండండ్రా. మెట్లు దిగినప్పుడు లయ పరుగెట్టింది, ఎవలో తరుముతన్నట్టు. అందరూ లెగండి."

దీపం వెలిగించి, భజన మొదలుపెట్టించి, కోవెల మెట్లు ఎక్కిస్తూ దింపుతూ పాడించారు. ముందు ఆ అమ్మాయి, వెనక మిగతావాళ్లు. పాల ప్యాకెట్లకు వెళ్తున్న పక్కింటావిడ నా దగ్గర ఆగి, ఇదేం మొక్కు అని అడిగింది. నేను వంత పాడుతూనే, కాసేపు ఉండమని చేత్తో సైగ చేశాను.