నా చెయ్యి లేస్తే మీ చెయ్యి లెవ్వాలె

ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను ఓడిపోయిన ఎన్నిక కథ. ఓడిపోయినవాళ్లు లోకంలో బోలెడుమంది ఉంటారు, అందులో వింతేమీ లేదు. కానీ సగానికి పైగా ఓట్లు గుప్పిట్లో పెట్టుకుని, ఆ చేత్తోనే ఎదుటివాడిని గెలిపించి, పైగా చప్పట్లు కూడా కొట్టించిన మనిషిని నాచారం నుంచి ఉప్పల్ దాకా గాలించినా నన్ను తప్ప ఇంకొకరిని చూపించలేరు. చాయ్ పెట్టుకుని తీరిగ్గా కూర్చోండి. నవ్వొస్తే ఆపుకోవద్దు. ఆపుకోవడం దగ్గరే ఈ గొడవంతా మొదలైంది.

అప్పుడు నా మనుమరాలు శ్రావణి మా బస్తీ సర్కారు బడిలో నాలుగో తరగతి. కొడుకు ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్‌కు ఆటో నడుపుతాడు, కోడలు బట్టలు కుట్టే కంపెనీలో పని. ఇద్దరూ పొద్దున పోతే దీపాలు పెట్టాకే వస్తారు. పిల్లను బడిలో చేర్చిన నాడు సంతకం పెట్టింది నేనే, కాబట్టి బడివాళ్ల లెక్కలో పేరెంటును నేను. ఆ సంతకం అంటే నాకు ఎంత గర్వమో మీకు తెలియదు. జుట్టు సగం నెరిశాక కమ్యూనిటీ హాల్లో సాయంత్రం బడికి పోయి నేర్చుకున్న అక్షరాలవి.

అక్కడ మాకు చెప్పిన విజయ టీచర్ నా కోడలి కన్నా చిన్నది. ఆమె నాకు మొదట నేర్పింది 'అ' కాదు, చెయ్యి ఎత్తడం. ఎందుకంటే నా నోటికి తలుపు లేదు. మనసులో ఏది వస్తే అది బయటికి వచ్చేస్తుంది, నడిచే బస్సులోంచి మనిషి దూకినట్టు. "రాజమ్మగారూ, మాట్లాడాలంటే ముందు చెయ్యి ఎత్తాలి, మోచెయ్యి వంచకుండా నిటారుగా ఎత్తాలి" అని ఆ పిల్ల నన్ను రోజూ సాధించేది. చివరికి అది నా ఒంటికి పట్టేసింది. ఇంట్లో ఇంకో గరిటె చారు కావాలన్నా చెయ్యి ఎత్తేదాన్ని. కిరాణా దుకాణంలో ఎత్తేదాన్ని. కొడుకును తిట్టే ముందు కూడా ఎత్తేదాన్ని, వాడు అది చూసే పారిపోయేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మీకు తర్వాత పనికొస్తుంది. గుర్తు పెట్టుకోవలసిన సమయంలో నాకు మాత్రం గుర్తు రాలేదు.

ఒకరోజు శ్రావణి బడి నుంచి వచ్చి సంచీ దించితే నీళ్ల బాటిల్ నిండుగా ఉంది.

"ఎట్ల పంపిన్నో అట్లనే తెచ్చినవేందే?"

"తాగితే పోవాలె గద బాపమ్మా."

"పోతే ఏమైతది?"

"తాళం ఉంది."

బాపమ్మ అంటే నేనే, తండ్రి తల్లిని మా వైపు అలాగే పిలుస్తారు. మర్నాడు బడికి పోయి చూశాను. పాత మరుగుదొడ్లు కూలగొట్టి ఆడపిల్లలకు కొత్తవి కట్టారు. గులాబీ రంగు, లోపల నున్నటి టైల్స్, పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను, రిబ్బను వెనక తాళం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలు నోరు ఎండబెట్టుకుని కూర్చుంటున్నారు. హెడ్మాస్టర్‌ను అడిగితే పాపం మెత్తటి మనిషి, "నా చేతిలో ఏముందమ్మా, తాళంచెవి కమిటీ చైర్మన్ దగ్గర ఉంది" అన్నాడు.

కమిటీ అంటే, బడి బాగోగులు చూసుకోవడానికి తల్లిదండ్రులు తమలోంచే ఎన్నుకునే బడి కమిటీ. దానికి చైర్మన్ వెంకటరమణ. గోదావరి వైపు నుంచి వచ్చి నాచారంలో టిఫిన్ సెంటర్ పెట్టుకున్నాడు. కొడుకు అదే బడిలో మూడో తరగతి. చెడ్డవాడు కాదు. ఇడ్లీ మెత్తగా చేస్తాడు, మాట ఇంకా మెత్తగా చేస్తాడు.

"పిన్నిగారూ, రిబ్బను కట్టాక ప్రారంభోత్సవం కాకుండా ఎలా తెరుస్తామండీ? పెద్దాయన వస్తానన్నారు. శిలాఫలకం కూడా చెక్కించేశాం, తేదీ ఒక్కటే ఖాళీ."

"ఎప్పుడొస్తడు?"

"వస్తారండీ."

"అందాక పిల్లలు ఆపుకోవాల్నా?"

"కొంచెం సర్దుకోవాలండీ మరి."

"అయితే నీ ఇడ్లీలకు గూడ రిబ్బను కట్టు. పెద్దాయన వచ్చినంక తిందురు."

అక్కడ తింటున్నవాళ్లు నవ్వారు. వెంకటరమణ కూడా నవ్వి నాకు చట్నీ ఎక్కువ వేశాడు. తాళంచెవి మాత్రం గల్లాపెట్టెలోంచి కదలలేదు. చట్నీ నాకుతూనే నిర్ణయించుకున్నాను. కమిటీ గడువు అయిపోయింది, ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి, చైర్మన్‌గా నేను నిలబడతాను.

అప్పటి నన్ను మీరు చూడాల్సింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి బస్తీలో గల్లీ గల్లీ తిరిగాను. ఒక్కటే హామీ, తాళం తీయిస్తా. ఆడపిల్లల తల్లులకు ఇంకేం చెప్పనవసరం లేదు, అందరిళ్లలోనూ బాటిళ్లు నిండుగానే తిరిగొస్తున్నాయి. తరగతికి కొందరు చొప్పున సభ్యులను ఎన్నుకున్నారు, అందులో నాతో కలిపి సగానికి పైగా మా ఆడవాళ్లే గెలిచారు. ఇక ఆ సభ్యులు చైర్మన్‌ను ఎన్నుకోవాలి. ఓటు చీటీ, వేలికి సిరా లాంటివేం ఉండవు, చేతులు ఎత్తడమే. చీటీ మీద నా పేరు నేనే కూడబలుక్కుని చదువుకుని ముద్ర గుద్దుదామని ఆశపడ్డాను, అది పోయింది.

నాకున్న భయమల్లా మా పక్కింటి పోశమ్మ. ఆమె నాకన్నా కొంచెం చిన్న, నాలాగే మనుమరాలి తరఫున సభ్యురాలైంది, మనసు వెన్న. అంతకు ముందు మహిళా సంఘం మీటింగులో ఇద్దరు పోటీ చేస్తే ఇద్దరికీ చెయ్యెత్తింది. అడిగితే "ఇద్దరు మంచోళ్లే గద" అంది. మిగతావాళ్లూ అంతే. మీటింగు అంటే బిడియం, ఎప్పుడు ఎత్తాలో తెలియక పక్కవాళ్ల ముఖాలు చూస్తారు. అందుకని ముందురోజు అందరినీ మా డాబా మీదికి పిలిచి, ఎండుతున్న మిరపకాయలు ఒక మూలకు జరిపి, కవాతు మొదలుపెట్టాను.

"నా చెయ్యి లేస్తే మీ చెయ్యి లెవ్వాలె. నా చెయ్యి దిగితే మీది దిగాలె. నడుమల ఎవ్వరు దిమాక్ వాడొద్దు."

"హెడ్మాస్టర్ సారు చెప్పేది ఇనొద్దా అక్కా?" అంది పోశమ్మ.

"ఇనొద్దు. ఆయన ఇంగ్లీషు కలిపి చెప్తడు, ఆగమైతరు. నన్నే సూడున్రి."

"నీ మొకం సూడాల్నా?"

"మొకమెందుకే, చెయ్యి సూడు."

అబ్బ, ఎంత బాగా నేర్చుకున్నారో. నేను ఎత్తితే అన్ని చేతులూ ఒక్కసారే లేచేవి. నేను తల గోక్కుంటే తలలు గోక్కున్నారు. మిరపఘాటుకు ముక్కు తుడుచుకుంటే అన్ని ముక్కులూ తుడుచుకున్నాయి. రిపబ్లిక్ డే కవాతులో కూడా అంత క్రమశిక్షణ ఉండదు. ఆ రాత్రి నేను చైర్మన్ కుర్చీలో కూర్చున్నట్టు, ఆ కుర్చీకి ఎవరో రిబ్బను కట్టినట్టు కల వచ్చింది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది.

పొద్దున బడికి పోతూ శ్రావణి అడిగింది. "నువ్వు గెలిస్తే ఇయ్యాలనే తాళం తీస్తరా బాపమ్మా?"

"ఇయ్యాలనే తీస్తం."

"అయితే నీళ్లు తాగనా?"

"తాగు బిడ్డా" అన్నాను. చూశారా, అంత నమ్మకం.

మీటింగు అయిదో తరగతి గదిలో. పిల్లల బల్లల మీద కూర్చుంటే మా మోకాళ్లు గడ్డాలకు తగులుతున్నాయి. నేను ముందు బల్ల మీద, నా సైన్యం నా వెనక. వెంకటరమణ ఇస్త్రీ చొక్కా వేసుకుని అటువైపు. హెడ్మాస్టర్ ఇద్దరి పేర్లూ చదివి, ఒక్కొక్కరికి విడివిడిగా చేతులు ఎత్తమంటానని చెప్పాడు. అంతకు ముందు పాత చైర్మన్‌ను నాలుగు మాటలు చెప్పమంటే వెంకటరమణ లేచి, తన హయాంలో ఆడపిల్లలకు ఎంత చక్కటి బాత్‌రూములు కట్టించాడో, టైల్స్ ఎక్కడి నుంచి తెప్పించాడో వర్ణించడం మొదలుపెట్టాడు.

నా ఒంట్లో నెత్తురు పాలలా పొంగింది. కట్టించినవు సరే, మరి తాళం ఎందుకేసినవు? ఈ ప్రశ్న గొంతు దాకా వచ్చి తన్నుతోంది. పాతకాలపు రాజమ్మ అయితే అక్కడికక్కడే అరిచేసేది, బతికిపోయేది. కానీ నేను చదువుకున్న రాజమ్మను. విజయ టీచర్ కళ్లముందు నిలబడింది. సరిగ్గా వెంకటరమణ కూర్చోవడం, హెడ్మాస్టర్ "వెంకటరమణగారిని సమర్థించేవాళ్లు" అనడం, నేను మోచెయ్యి వంచకుండా నిటారుగా చెయ్యి ఎత్తడం, మూడూ ఒక్కసారే జరిగాయి.

వెనక గాజులు గలగలమన్నాయి.

తిరిగి చూశాను. అన్ని చేతులూ లేచి ఉన్నాయి. పోశమ్మ ఎందుకైనా మంచిదని రెండూ ఎత్తింది. మీతో అబద్ధం ఎందుకు, మొదట నాకు సంతోషమే వేసింది. వీళ్లకు కూడా నాలాగే ప్రశ్న వచ్చిందే, ఎంత తెలివి వచ్చిందో అనుకున్నాను. తర్వాత వెంకటరమణ ముఖం చూశాను. ఆ ముఖంలో టిఫిన్ సెంటర్‌కు లాటరీ తగిలినంత ఆశ్చర్యం ఉంది. అప్పుడు వెలిగింది నాకు.

"దించున్రి, దించున్రి" అంటూ గాలిలో చేతులు ఊపాను. నా సైన్యం కూడా ఊపింది. అటువైపువాళ్లు, ఎదుటిపక్షమే ఇంత ఉత్సాహంగా ఉంటే మనమేమిటని వాళ్లూ ఎత్తేశారు. "ఏకగ్రీవం" అన్నాడు హెడ్మాస్టర్, కళ్లజోడు తుడుచుకుంటూ. ఇంకేం చేయను, ఓరి దేవుడా అని రెండు చేతులూ చరుచుకున్నాను. వెనక నుంచి చప్పట్లు మోగిపోయాయి.

"సార్, నేను ప్రశ్న అడుగుదామని చెయ్యెత్తిన" అన్నాను.

"అయ్యో, అడగండమ్మా."

"ఇగ ఏం అడగాలె సార్."

కథ అక్కడితో ఆగినా బాగుండేది. హెడ్మాస్టర్‌కు నా త్యాగం చూసి గుండె కరిగింది. వైస్ చైర్మన్‌గా రాజమ్మగారినే ఉంచుదాం, సమర్థించేవాళ్లు చేతులు ఎత్తండి అన్నాడు. నేనప్పటికే ఈ పాడు చేతులు ఇంకేం కొంప ముంచుతాయోనని రెండిటినీ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వెంకటరమణవైపు ఒకటీ అరా చేతులు లేచాయి. నా వెనక మాత్రం ఒక్క గాజు కూడా కదలలేదు. పాపం హెడ్మాస్టర్ నావైపు జాలిగా చూసి, "పోనీ, పోశమ్మగారు?" అన్నాడు. ఒక్క పదవైనా మనవైపు మిగులుతుందని ఆత్రంగా చెయ్యి లాగి ఎత్తాను. అన్ని చేతులూ లేచాయి, పోశమ్మవి రెండూ సహా.

బయటికి వచ్చాక గోడ పక్కన అందరినీ నిలబెట్టి అడిగాను.

"ఏందే పోశమ్మా ఇది?"

"నువ్వే గద అక్కా దిమాక్ వాడొద్దంటివి."

"నా పేరు చెప్పినప్పుడన్న ఎత్తొద్దా?"

"నీ చెయ్యి కనవడలే. మస్తు ఎతికిన" అంది. నిజంగానే వెతికింది, పిచ్చితల్లి.

అంతలో మధ్యాహ్నం అన్నం గంట కొట్టారు. శ్రావణి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో బాటిల్, అందులో చుక్క లేదు. "గెలిచినవా బాపమ్మా?" అంది, ఒంటికాలి మీద నిలబడి, ఇంకో కాలు దానికి పెనవేసుకుని. ఇంతవరకూ నవ్వుతూ చెప్పాను గానీ, ఆ పిల్ల నిలబడ్డ తీరు చూస్తే నా నోట మాట రాలేదు. నాకు. నోటికి తలుపు లేని నాకు.

అప్పుడే వెంకటరమణ వచ్చాడు. కళ్లలో నీళ్లు. నిజం నీళ్లే, ఉల్లిపాయవి కావు.

"పిన్నిగారూ, మీరు నా మీద పోటీ చేస్తున్నారని అందరూ చెప్పారు. తీరా చూస్తే మొదట లేచిన చెయ్యి మీదేనండీ. మా సొంత బావమరిది కూడా అంత నిటారుగా ఎత్తలేదు."

"అది పొరపాటున లేసింది రమణా."

"పెద్దవాళ్లు అలాగే అంటారండీ. ఏం కావాలో అడగండి, కాదంటే చూడండి."

"తాళంచెవి."

అతని ముఖంలో రిబ్బను, ఫలకం, పెద్దాయన వరుసగా కదిలిపోవడం నాకు కనిపించింది. "ప్రారంభోత్సవం..." అని గొణిగాడు. నేను శ్రావణి భుజాలు పట్టుకుని అతని ముందు నిలబెట్టాను. "ముఖ్య అతిథి వచ్చింది. ఇగ ఎక్కువసేపు ఆగలేదు" అన్నాను. పెనవేసిన ఆ కాళ్లవైపు చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. ప్రమాణ స్వీకారం అయ్యాక చూపించుకోవడానికి తెచ్చుకున్నాడట, తాళంచెవి జేబులోనే ఉంది.

హెడ్మాస్టర్ కత్తెర కోసం ఆఫీసు గదికి పరుగెత్తాడు. కత్తెర వచ్చేదాకా ఆగే ఓపిక ముఖ్య అతిథికి లేదు. తాళం ఊడిన చప్పుడు వినగానే రిబ్బను కిందనుంచి దూరి లోపలికి పోయింది. దాని వెనక బడిలోని ఆడపిల్లలంతా వరస కట్టారు. చివరికి రిబ్బను దానంతట అదే తెగింది. ఫలకం మీద తేదీ ఇప్పటికీ ఖాళీ.

ఆ తర్వాత నేను త్యాగమూర్తినని బడిలో శాలువా కప్పారు. కాదు మొర్రో, తెలివితక్కువతనం అని మైకు పట్టుకుని చెప్పాను. ఎంత వినయం అని ఇంకో దండ వేశారు. అదంతా పోనీయండి, మా సైన్యాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. మొన్నటికి మొన్న ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నేనొక ఆటోకు చెయ్యి ఎత్తితే వెనక నుంచి ఇంకో నాలుగు చేతులు లేచాయి. నాలుగు ఆటోలు వచ్చి ఆగాయి. ఆ డ్రైవర్లు అన్న మాటలు నా నోటికే సరిపోయేవి, అయినా ఇక్కడ రాయను.

కాబట్టి చదివేవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ప్రశ్న అడగడానికి చెయ్యి ఎత్తను. అడగాల్సి వస్తే విజయ టీచర్ ఏమన్నా సరే, నోరే తెరుస్తాను. ఇలాంటి ప్రమాణం కుడిచెయ్యి పైకెత్తి చేయాలని నాకు తెలుసు. కానీ పక్కనే పోశమ్మ కూర్చుని ఉంది. ఇది రాస్తున్నంతసేపూ నా చేతివైపే చూస్తోంది. అందుకని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకునే చేస్తున్నాను.

పెన్ను కింద పెట్టాను. ఆమె కూడా ఏదో కింద పెట్టింది.