ట్యాంకు మీద రెండో గీత

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా. అలాంటి నేనే మా వదినని మెచ్చుకుంటున్నానంటే విషయం ఉందనుకోండి. ఏడ్చేవాళ్లని ఏడవనివ్వండి.

మా అన్నయ్యకి పాత మోటారుసైకిళ్లు బాగుచేసే షెడ్డుంది. సొట్టలు తీయడం, చిల్లులకి మాట్లు వేయడం అన్నయ్య పని. రంగు మాత్రం వదినది. పెట్రోలు ట్యాంకు పక్కన సన్నటి బంగారు గీత ఉంటుంది చూశారూ, దాన్ని టేపు అంటించకుండా, ఒట్టి కుంచెతో, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపులో లాగేది. అలాంటి మనిషి షెడ్డులో తడినేల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చెయ్యి ఒకటే వణుకు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. చేతికి మళ్లీ అలవాటు కావాలని పాత పేపర్ల మీద గీతలు గీసీ గీసీ ఇంట్లో చదవడానికి ఒక్క కాగితం మిగల్చలేదు మహాతల్లి.

"పోనీ స్టిక్కర్లు అంటిద్దాంలే," అన్నాడు అన్నయ్య.

"మీ మొహానికి అంటించుకోండి!" అంది వదిన. అనేసి లోపలికెళ్లి ఏడ్చింది. ఆ గీత పోతే తను తను కాదు, అదీ బాధ.

అప్పుడొచ్చిందా ట్యాంకు. ఓ పెద్దాయన కుర్రతనంలో కొనుక్కున్న బండిది. లోపలంతా తుప్పు. అన్నయ్య గులకరాళ్లు పోసి గలగలా ఆడించి తుప్పు రాల్చాడు, శుభ్రంగా కడిగి అడుగునున్న చిల్లికి, కుడిపక్కనున్న అతుకుకి మాట్లు వేశాడు. నీళ్లు నింపి చూశాడు. చుక్క కారలేదు. వదిన లప్పం పెట్టి, నున్నగా రుద్ది, ముదురు మెరూన్ రంగు కొట్టింది. అది ఆరాక కుంచె తీసింది. మేమిద్దరం గుడ్లప్పగించి నిలబడ్డాం. రెండు పక్కలా గీత వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేదు! నేనైతే ఈల వేశాను.

పెట్రోలు పోసి ఉంచితే తెల్లారేసరికి కుడిపక్క రంగు బుడగలా పొంగింది. నీళ్లకి దొరకని సందు పెట్రోలుకి దొరుకుతుంది. ఈ పనిలో తలపండిన మా అన్నయ్యకి ఆ సంగతి తెలీదా? తెలుసు. వదిన మళ్లీ కుంచె పట్టబోతోందన్న సంబరంలో పెట్రోలుతో చూడ్డం మరిచిపోయాడు, పిచ్చిమాలోకం.

"లోపల్నుంచి మందు పూసి కారడం ఆపేస్తానే," అన్నాడు బతిమాలుతూ. "మోకాలు ఆనే రబ్బరు సరిగ్గా ఆ బుడగ మీదికే వస్తుంది. ఎవరికీ కనబడదు. ఆ గీత చెరపకు. మళ్లీ వస్తుందో రాదో."

"అవును వదినా, ఊరుకో," అన్నాన్నేను కూడా.

"రంగు కిందికి పెట్రోలు పాకిందండీ. నాలుగు రోజులు పోతే అంతా లేచొస్తుంది. అప్పుడాయనకి ఏం చెబుతారు?" అంటూ వదిన బ్లేడు తీసుకుని కుడిపక్కంతా గీకేసింది. గీతతో సహా. నా ప్రాణం ఉసూరుమంది.

అన్నయ్య ట్యాంకు కడిగి మళ్లీ మాటు వేశాడు. ఈసారి పెట్రోలుతోనే చూశాడు, ఒకటికి రెండుసార్లు. మళ్లీ లప్పం, మళ్లీ రంగు. వదిన కుంచె ముంచింది. చూడలేక కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి గీత పూర్తయింది. ఎడమపక్క గీతకి అచ్చం కవలపిల్ల!

"నా తప్పుకి నీచేత ఆ గీత రెండుసార్లు గీయించాను," అన్నాడు అన్నయ్య కళ్లు తుడుచుకుంటూ.

"మంచిపనే చేశారు," అంది వదిన కుంచె కడుక్కుంటూ. "మొదటిసారి గాలివాటంగా కుదిరిందేమోనని లోలోపల చచ్చిపోతున్నాను. ఇప్పుడు ఈ చెయ్యి నాదే."