గాలి తగ్గాక

తొంభైల చివర్లో, ఇంటర్ తప్పి అలియాబాద్‌లో ఖాళీగా తిరుగుతున్న రోజులవి. మా అక్క భర్త శామీర్‌పేట చెరువులో తెరచాప పడవల క్లబ్బులో పనిచేసేవాడు. సిబ్బంది పందెం రోజు పెద్ద గాలి లేచింది. బావ నన్ను పిలిపించాడు.

"గీ గాలికి పడవ బోర్ల పడ్తది. నీ అసొంటి బరువు కావాలె, బామ్మర్దీ."

రోజూ నా తిండిని ఎగతాళి చేసే మనిషి అలా అడిగితే పొంగిపోయాను. పడవ ఒరిగినప్పుడల్లా గాలి వైపు అంచు మీద కూర్చుని, వీపు నీళ్లకు తగిలేలా వెనక్కి వాలాను. తాడుకు అరచేతులు కోసుకుపోయాయి. అందరికంటే ముందున్నాం.

గమ్యం దగ్గర పడుతుండగా గాలి తగ్గింది. వెనక పడవ దగ్గరికొచ్చేసింది.

"ఇగ నీ బరువుతోని పడవ ఉరుకుత లేదు. దుంకు!"

వేళాకోళం అనుకున్నాను. కాలితో తన్నాడు.

నాకు ఈత రాదని ఆయనకు తెలుసు. లైఫ్ జాకెట్ ఉంది గనుక బతికాను. నీళ్లు మింగుతూ అరుస్తుంటే మోటారు పడవవాళ్లు పైకి లాగారు. ఒడ్డున బావ గెలిచానని చేతులూపుతున్నాడు.

"ఇద్దరెక్కిండ్రు, ఒక్కడివే వచ్చినవ్. నీ గెలుపు చెల్లది," అన్నాడు పందెం పెద్ద.

బావ నా మీదికొచ్చాడు. "జర పడవ పట్టుకొని యాలాడితే నీదేం పోతుండెరా?"

ఇప్పటికీ నావల్లే తాను ఓడానంటాడు. అక్క నవ్వుతుంది. చెరువంటే భయం ఎప్పుడో పోయింది. "నువ్వు కావాలె" అని ఎవరైనా అంటేనే గుండె జారుతుంది.