రెండో విద్య ఎప్పుడు తీసుకోవాలి

ఉదయభాస్కర్ కడియంలో ఒక నర్సరీలో పనిచేస్తాడు. లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే దగ్గరుండి ఏ రకం ఎక్కడ సర్దాలో చెప్పడం, దూరప్రాంతాల నుంచి అడిగేవాళ్లకు ఫోన్లో మొక్కల ఫోటోలు పంపడం అతని పని. ముప్పై దాటాయి, పెళ్లి కాలేదు. శనివారం సాయంత్రం బస్సెక్కి గోకవరం అవతల ఉన్న పునరావాస కాలనీకి వెళ్తాడు. అక్కడ తల్లి సంపూర్ణమ్మ ఒక్కతే ఉంటుంది. సోమవారం పొద్దున్నే మళ్లీ కడియం వచ్చేస్తాడు. నర్సరీలో అతని గురించి ఇంతకుమించి ఎవరికీ తెలియదు. అతనూ చెప్పడు.

కానీ ఫోన్లో ఆడే ఒక ఆటలో మాత్రం చాలామంది తెలుగువాళ్లకు అతని గొంతు తెలుసు.

ఆ ఆట నిండా కోటలూ రాక్షసులూ మంత్రాలూ. ఎక్కడెక్కడివాళ్లో ముగ్గురు నలుగురు జట్టుగా చేరి, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడతారు. మొదట్లోనే ఒక విద్య ఎంచుకోవాలి. కత్తో, విల్లో, వైద్యమో, మంత్రమో. ఆడేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. పెరిగిన ప్రతిసారీ ఆట అడుగుతుంది, ఉన్న విద్యలోనే ముందుకు పోతావా, ఇంకో విద్య మొదలుపెడతావా అని. కొత్తవాళ్లు బోల్తాపడేది అక్కడే. కత్తి పట్టినవాడికి మంత్రం మీద మనసు పోతుంది, తొందరపడి అందులో చెయ్యి పెడతాడు, చివరికి రెంటికీ చెడ్డ రేవడవుతాడు.

అలాంటివాళ్లకు వాట్సాప్ గ్రూపులో భాస్కర్ ఓపిగ్గా వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. ఐదో లెవెల్ దాకా కత్తి వదలొద్దనేవాడు. ఐదులో ఒక దెబ్బ పడేచోట రెండు పడతాయి, అది చేతికొచ్చాకే పక్కచూపులు చూడాలి. జట్టులో గాయాలు మాన్పేవాళ్లు ఉంటే రెండో విద్య జోలికి పోనక్కర్లేదు. లేకపోతే రెండు లెవెళ్లు వైద్యానికి ఇచ్చి మళ్లీ కత్తికి తిరిగి రావాలి. అతని మాట విని బాగుపడినవాళ్లు ఎందరో ఉన్నారు.

అతనికి మాత్రం కత్తి ఒక్కటే విద్య. అతని జట్టులో వైద్యానికి మెర్సీ ఉండేది.

ఆ జట్టు పేరు తుమ్మలరేవు. అది వాళ్ల ఊరి పేరు. పోలవరం ఆనకట్టకు ఎగువన, గోదావరి ఒడ్డున ఉండేది. ఏటా వరద వచ్చి వీధుల్లోకి తొంగిచూసి పోయేది. ఆనకట్ట పని సాగాక ఒక వానాకాలం వచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి పోలేదు. అందరూ సామాను కట్టుకుని బయటపడ్డారు. భాస్కర్‌తో బడికెళ్లిన గణేష్‌బాబు కుటుంబానికి నదికి ఆవలివైపు, జంగారెడ్డిగూడెం దగ్గర కాలనీలో ఇల్లొచ్చింది. భాస్కర్ వాళ్ల వెనకింట్లో ఉండే మెర్సీ వాళ్లు, బంధువులున్నారని సామర్లకోట చేరారు. మెర్సీ తండ్రి ఊళ్లో చర్చికి ఉపదేశిగా చేసేవాడు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ భాస్కర్‌ని అన్నయ్యా అనే పిలిచేది.

ఆ ఆటని ముందు చూసి మిగతా ఇద్దరికీ చెప్పింది గణేష్‌బాబు. ఊరున్న రోజుల్లో ముగ్గురూ పనిగట్టుకుని కలిసింది లేదు. రేవులోనో కొట్టు దగ్గరో ఎదురుపడితే రెండు మాటలు, అంతే. ఊరు పోయాకే ఆదివారం మధ్యాహ్నం తప్పకుండా కలవడం మొదలైంది. మెర్సీ చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఫోన్ తెరిచేది. భాస్కర్ కత్తితో ముందు నిలబడేవాడు, గణేష్ వెనకనుంచి బాణాలు వేసేవాడు, మెర్సీ ఇద్దరి ప్రాణాలూ చూసుకునేది.

భాస్కర్ ఫోన్ స్పీకర్లో పెట్టి ఆడేవాడు. సంపూర్ణమ్మ పక్కన చేరి చిక్కుడుకాయలు వొలుస్తూ వాళ్ల మాటలు వినేది. కాలనీలో అటూ ఇటూ ఉన్నవాళ్లు వేరే ఊళ్లవాళ్లు. వారం మొత్తంలో ఆమె చెవిన పడే తుమ్మలరేవు మాటలు అవే. యుద్ధం మధ్యలో మెర్సీని వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగేది. మెర్సీ తీరిగ్గా జవాబు చెప్పేది, ఈలోగా గణేష్ చచ్చిపోయి గోల పెట్టేవాడు. ముగ్గురూ నవ్వుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

ముందు వెళ్లిపోయింది గణేష్‌బాబే. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పనికి కుదిరాడు. వీలు చిక్కడం లేదేమోనని భాస్కర్ కొన్ని వారాలు ఊరుకున్నాడు. తర్వాత ఫోన్ చేస్తే, వీలు లేక కాదన్నాడు గణేష్.

"ఆట తెరవగానే పైన తుమ్మలరేవు అని కనపడతాదిరా. అక్కడేముంది, నీళ్లేగా. నావల్ల కావట్లేదు."

పేరు మారుద్దామా అని భాస్కర్ అడగలేదు. గణేష్ కూడా ఆ మాట అనలేదు.

మెర్సీ, అతనూ ఇద్దరే చిన్నచిన్న కోటలతో సరిపెట్టుకుంటూ ఆడారు. అలా ఒక ఏడాది గడిచింది. అప్పుడు మెర్సీకి పెళ్లి కుదిరింది. అబ్బాయిది పిఠాపురం, పేరు అనిల్ కుమార్, కరెంటాఫీసులో లైన్‌మన్. సంపూర్ణమ్మని తీసుకుని భాస్కర్ పెళ్లికి వెళ్లాడు. గణేష్ రాలేదు. కొంచెం సర్దుకున్నాక మళ్లీ ఆడతానని, తను లేకుండా పెద్ద కోటకి వెళ్లొద్దని మెర్సీ నవ్వుతూ చెప్పింది.

పెళ్లయిన కొద్ది రోజులకే భాస్కర్ ఆటలో ఐదు దాటి ఆరో లెవెల్‌కి చేరాడు. ఎప్పటిలాగే ఆట అడిగింది, ఇదే విద్యా, ఇంకోటా అని. వెంటనే చెప్పి తీరాలని లేదు. జవాబు ఇచ్చేదాకా పేరు పక్కన ఒక బంగారు చుక్క వెలుగుతూ ఉంటుంది, ఆ లెవెల్ బలం మాత్రం చేతికి రాదు. అతను ఇంకొకరికి చెప్పేదాని ప్రకారం అయితే ఆలోచించే పనే లేదు. ఐదు దాటింది, జట్టులో వైద్యం చేసేవాళ్లు లేరు. వైద్యం తీసుకోవాలి. అతను తీసుకోలేదు. తీసుకుంటే మెర్సీ ఇక రాదని తనే తేల్చేసినట్టు ఉంటుంది. కత్తినే ఎంచుకుందామంటే, అలా ఒంటరిగా ఏ కోటా గెలవలేడు. చుక్కని అలాగే ఉంచేశాడు.

ఆదివారాలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరెవరి జట్లలోనో చేరి ఆడేవాడు. తణుకులో బ్యాంకు ఉద్యోగం చేసే దుర్గాశ్రీ అనే ఆమె జట్టులో ఎక్కువగా ఉండేవాడు. బలం చాలక అందరికన్నా ముందు పడిపోయేవాడు. ఆమె ఎప్పుడో అతని మాట విని రెండో విద్య తీసుకుంది. చాలా రోజులు చూసి, చివరికి ఒకరోజు అడిగింది.

"మాకందరికీ చెప్తారు కదండీ. మరి మీరెందుకు తీసుకోరు?"

"మా జట్టులో వైద్యం చూసే అమ్మాయి ఉందండి. వస్తాది."

ఆమె మరి రెట్టించలేదు. వానలు వెళ్లి చలికాలం వచ్చింది. నర్సరీలో చామంతులూ బంతులూ లారీలకెక్కి వెళ్లిపోయాయి. మెర్సీకి కొడుకు పుట్టాడని సామర్లకోట నుంచి ఎవరో చెప్పగా సంపూర్ణమ్మ వింది. భాస్కర్ గ్రూపులో సలహాలు చెప్పడం తగ్గించాడు. ఎవరైనా పేరుపెట్టి అడిగితే, పాత మెసేజీ వెతికి అదే మళ్లీ పంపేవాడు.

ఎండలు ముదరకముందే కాకినాడ వైపు మొక్కలు దించే పని పడింది. యజమానికి చెప్పి, పనయ్యాక అక్కణ్నుంచి బస్సెక్కి పిఠాపురం వెళ్లాడు. చేతిలో కుండీతో సహా ఒక సన్నజాజి మొక్క ఉంది.

మెర్సీ ఒళ్లు చేసింది. అతన్ని చూసి నిజంగా సంతోషపడింది. అత్తగారికి చూపించి, మా ఊరి అన్నయ్య అని చెప్పింది. ఆవిడ మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అనిల్ డ్యూటీలో ఉన్నాడు. పిల్లాడు నడవాలో చాప మీద బోర్లాపడి ఆడుకుంటున్నాడు. సంపూర్ణమ్మ ఎలా ఉందని మెర్సీ అడిగింది, గణేష్ సంగతి అడిగింది. ఆట ఊసు ఇద్దరూ ఎత్తలేదు. అత్తగారు లోపలికి వెళ్లాక మెర్సీ గొంతు తగ్గించింది.

"పెళ్లయిన కొత్తలో రోజూ ఊరు కల్లోకొచ్చేదన్నయ్యా. లేచి ఏడుస్తుంటే అత్తయ్యగారు భయపడిపోయేవారు. ఇప్పుడు రావట్లేదు. ఆ ఆట తెరిస్తే మళ్లీ వస్తాదేమోనని ముట్టుకోలేదు."

భాస్కర్ చేతిలో టీ గ్లాసు ఖాళీ అయింది. అయినా పట్టుకునే ఉన్నాడు.

"నాకోసం ఆగిపోయావా?" అంది ఆమె.

"లేదమ్మా. అప్పుడే వైద్యం తీసేసుకున్నాను. బాగానే ఆడుతున్నాను."

ఆమె మొహం తేలికపడింది. అది చూసి అతనికి, అబద్ధం చెప్పి మంచిపనే చేశాననిపించింది. పిల్లాణ్ణి ఎత్తుకుని కాసేపు ఆడించి, బస్సుకి వేళవుతోందని లేచాడు. ఆమె గేటు దాకా వచ్చి, సన్నజాజిని నీడలో పెట్టాలా ఎండలోనా అని అడిగింది. ఎండ తగిలేచోట గోడవార పెట్టమని చెప్పాడు. రాజమండ్రి దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కండక్టర్ రెండుసార్లు పిలిస్తేగానీ టికెట్ తీసుకోలేదు.

ఆ ఆదివారం కాలనీ ఇంట్లో ఫోన్ మళ్లీ స్పీకర్లో పెట్టి, ఆట తెరిచి, చుక్క మీద వేలు పెట్టి వైద్యం ఎంచుకున్నాడు. ఖాయమేనా అని ఆట మళ్లీ అడిగింది. ఖాయమేనన్నాడు. చుక్క ఆరిపోయింది. దుర్గాశ్రీ జట్టు పెద్ద కోటకి బయల్దేరుతుంటే వాళ్లతో చేరాడు.

మొదటి గుమ్మం దగ్గరే ఒకతను గాయపడ్డాడు. భాస్కర్ వైద్యంతో ఆ గాయం మాన్పాడు. ఫోన్లోంచి చిన్న గంట మోగినట్టు శబ్దం వచ్చింది. ఆ ఇంట్లో ఇదివరకు అది మెర్సీ చేతినుంచి విన్న శబ్దమే. లోపల పప్పు రుబ్బుకుంటున్న సంపూర్ణమ్మ అది విని, చెయ్యి కడుక్కుని గబగబా బయటికొచ్చింది.

"మెర్సీ వచ్చిందేంట్రా?"

"లేదమ్మా. నేనే."

ఆమె అతని పక్కన కూర్చుంది. ఎవరివో గొంతులు వినపడుతున్నాయి. మాటల మధ్యలో దుర్గాశ్రీ, పక్కన అమ్మగారా అని అడిగి నమస్కారం చెప్పింది. సంపూర్ణమ్మ కూడా నమస్కారమమ్మా అంది. మీది ఏ ఊరని అడిగింది. తణుకని చెబితే, తణుకులో తమకెవరూ లేరంది. ఆ మీదట ఏం అడగాలో తోచక కాసేపు చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంది.

"ఇక మనవాళ్లెవరూ రారా?"

"రారమ్మా."

ఆమె లేచి లోపలికి వెళ్లింది. రోలు చప్పుడు మళ్లీ వినపడింది. అవతల ముగ్గురు గుమ్మం దగ్గర అతనికోసం నిలబడి ఉన్నారు. భాస్కర్ వాళ్లతో లోపలికి వెళ్లాడు. కోట గెలిచారు. అందరూ మెచ్చుకుంటుంటే థాంక్సండి అని చెప్పి ఫోన్ పక్కన పెట్టాడు.

తర్వాత వానలు పడి నర్సరీలో లోడింగు పని పెరిగింది. కొన్ని శనివారాలు కడియంలోనే ఉండిపోతున్నాడు. రావట్లేదని చెప్పడానికి ఫోన్ చేస్తే, ఎందుకని సంపూర్ణమ్మ అడగడం లేదు. అన్నం తిన్నావా అని మాత్రం అడుగుతుంది.