వంతెన దాటాక తెరవాల్సిన మీట

మా కారులో ఏసీ మీటల కింద ఇంకో చిన్న మీట ఉంది. ఎడమకు జరిపితే బయటి గాలి ఆగి, లోపలి గాలే తిరుగుతుంది. కుడికి జరిపితే బయటి గాలి వస్తుంది. ఊళ్లో ఉధ్నా పేట దగ్గర బట్టల అద్దకం మిల్లులు రాగానే నేను దాన్ని ఎడమకు జరిపేవాణ్ణి. నా భార్యకు ఉబ్బసం. ఆ రంగునీళ్ల ఘాటు తగిలిందంటే రెండు రోజులు తేరుకునేది కాదు.

ఎక్కడెక్కడ మూయాలో డైరీలో రాసుకున్నాను. మిల్లుల పక్కనుండే మురుగు కాలువ వంతెనకు ముందు. రింగ్ రోడ్‌లో లారీల వెనక పడినప్పుడు. ఎండలో నిలిపిన కారైతే, అద్దాలు దించి వేడి పోనిచ్చాక, తొందరగా చల్లబడడానికి కాసేపు. రైల్వేలో ఉద్యోగమంతా రిజిస్టర్లు రాసినవాణ్ణి, ఇంట్లోనూ అదే అలవాటు.

ఆమె పోయి ఇది రెండో వర్షాకాలం. మాకు పిల్లలు లేరు. గురువారం మధ్యాహ్నం ఇద్దరం తాపీ నది ఒడ్డుకు వెళ్లేవాళ్లం, ఇప్పుడు ఒక్కణ్ణే వెళ్తున్నాను. అక్కడ టీ అమ్మే ఆవిడ "కేమ్ ఛో కాకా" అంటుంది. వారం మొత్తంలో నన్ను ఎవరైనా ఎలా ఉన్నావని అడిగేది అప్పుడే.

పోయిన ఏడాది నుంచి కారు నడుపుతుంటే తలనొప్పి, ఆవలింతలు. వాన పడితే అద్దం మసకబారి దారి కనిపించేది కాదు. ఒకసారి రింగ్ రోడ్ సిగ్నల్ దగ్గర కునుకు పట్టింది. వెనక హారన్లు మోగితే గాని మెలకువ రాలేదు. డాక్టరు బీపీ, షుగరు చూసి అన్నీ బాగున్నాయన్నాడు. అయితే వయసే కారణమనుకున్నాను. "కారు అమ్మేయాలి" అని డైరీలో రాశాను. గురువారాలు ఏం చేస్తానో ఆ కింద రాయలేకపోయాను.

కొనడానికి కారు చూస్తానని ఒకాయన వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి, ఉధ్నాలో మరమగ్గాల మేస్త్రీ. ఆయన నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. వంతెన దాటి రింగ్ రోడ్ ఎక్కేసరికి తుంపర మొదలైంది, అద్దం మసకబారింది.

"ఏంది సారూ, గాలి మొత్తం బంద్ వెట్టిన్రు?"

"మిల్లుల వాసన రాకుండా."

"మిల్లులు ఎప్పుడో దాటినం గదా! మనం ఇడిసిన గాలే మళ్ల మనం పీలుస్తున్నం. తలకాయ నొయ్యదా?"

"నొస్తుంది."

"నిద్ర గిట్ల?"

"వస్తుంది."

ఆయన మీటను కుడికి జరిపి ఏసీ వేశాడు. అద్దం కింది నుంచి మెల్లగా తేటపడింది.

"గీ మీటకేనా కారు అమ్ముతున్నరు? నేను జర నోరు మూసుకుంటే బండి నాదైతుండె!" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి పాత డైరీలు తీశాను. ప్రతి గురువారం కిందా "వంతెన ముందు మూశాను" అని ఉంది. తెరిచినట్టు ఎక్కడా లేదు. వంతెన దాటగానే "ఇక చాలు, ఉక్కగా ఉంది" అంటూ ఆమే చెయ్యి చాచి తెరిచేది. నేను చేసిన పనే రాసుకున్నాను. ఆమె చేసింది రాయలేదు. రాయనిది నేను చేయలేదు. ఆమె పోయాక ఆ మీట ఎడమవైపే ఉండిపోయింది.

మేస్త్రీకి ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పాను. "నాకు ఎర్కే సారూ, ఆ దినమే సమజైంది" అన్నాడు.

తర్వాతి గురువారం వంతెన దాటాక నా చెయ్యి వెంటనే ముందుకు రాలేదు. రెండు దుకాణాలు వెనక్కి పోయాక నేనే మీటను కుడికి జరిపాను. తడిసిన బట్టల మూటల వాసన, వేయించిన పల్లీల వాసన లోపలికొచ్చాయి. తాపీ ఒడ్డున తలనొప్పి లేకుండా చాలాసేపు కూర్చున్నాను. "తెరిచాను" అని రాసి డైరీని పక్క సీటులో పెట్టాను.